కమ్మరి బిడ్డ ప్రస్కోవ్య

అక్కలారా! ఈ పాఠంలో కొన్ని పేర్లు కొత్తగా ఉంటాయి. నోరు తిరగవు. భయపడకండి. ముక్కలు ముక్కలుగా చదవండి. ప్ర – స్కో – వ్య. ప్రస్కోవ్య. ఇంకో పేరు త – త్యా – నా. తత్యానా. ఈ రెండు పేర్లూ నోటికి వస్తే చాలు. మిగిలిన పేర్లు కొంచెం తప్పు చదివినా కథ ఎక్కడికీ పోదు.

ఇది కట్టుకథ కాదు. రష్యా దేశంలో నిజంగా జరిగింది. జరిగి రెండు వందల ఏళ్లు దాటింది. ప్రస్కోవ్య పాటలు పాడేది. తత్యానా నాట్యం చేసేది. ఇద్దరూ స్నేహితులు. ఇద్దరూ బానిసల బిడ్డలు.

రష్యా చాలా పెద్ద దేశం. చలి దేశం. ఏటా నాలుగైదు నెలలు నేల మంచుతో కప్పి ఉంటుంది. ఆ రోజుల్లో అక్కడ రాజులు, రాణులు పాలించేవారు. చాలా భూములు పెద్ద పెద్ద జమీందారుల చేతుల్లో ఉండేవి. ఆ భూముల్లో పనిచేసేవారిని భూదాసులు అనేవారు.

భూదాసులు అంటే ఎవరు? మన తాతల కాలంలో వెట్టి ఉండేదని విన్నారు కదా. దొర పిలిస్తే పోవాలి. చేయమన్న పని చేయాలి. కూలి అడగరాదు. రష్యాలో భూదాసుల బతుకు అంతకన్నా కష్టం. వాళ్లు దొరకు ఆస్తి. ఊరు అమ్మితే ఊరితోపాటు మనుషులు కూడా కొన్నవాడి చేతికి పోయేవారు. ఊరు అమ్మకుండా ఒట్టి మనుషులను కూడా అమ్మేవారు. వంటమనిషి అమ్మకానికి ఉంది, కుట్టుపని వచ్చిన పిల్ల ఉంది అని పత్రికల్లో వేయించేవారు. దొర ఒప్పుకుంటేనే పెళ్లి. దొర ఒప్పుకుంటేనే ఊరు దాటి పోవడం.

మరి దొర కొడితే ఎవరికి చెప్పుకోవాలి? ఎవరికీ చెప్పుకోరాదు! 1767లో కేథరిన్ అనే మహారాణి ఒక చట్టం చేసింది. భూదాసులు తమ దొర మీద రాణిగారికి ఫిర్యాదు ఇవ్వకూడదు. ఇస్తే కొరడా దెబ్బలు. ఆపైన సైబీరియాలో కఠిన శిక్ష. ఈ రాణి పేరు గుర్తుంచుకోండి. కథలో ఈమె మళ్లీ వస్తుంది.

ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడు, 1768లో, ప్రస్కోవ్య పుట్టింది. తండ్రి ఇవాన్ కమ్మరి. కొలిమి దగ్గర పని. అతను షెరెమేతెవ్ అనే జమీందారు కుటుంబానికి భూదాసు. తండ్రి భూదాసు కాబట్టి బిడ్డ కూడా భూదాసే. పుట్టిన రోజే ఆ పిల్లకు యజమాని ఉన్నాడు.

షెరెమేతెవ్‌లు ఎంత ఉన్నవాళ్లు? రష్యాలో రాజుగారి తరువాత లెక్కపెట్టే కొద్దిమందిలో వాళ్లు ఒకరు. వాళ్ల కింద సుమారు రెండు లక్షల మంది భూదాసులు ఉండేవారని చెబుతారు. రెండు లక్షలు! మన ఊర్ల లెక్కన చూడండి. రెండు వేల జనం ఉన్న పల్లెలు నూరు కలిపితే అంత అవుతుంది.

ఆ కుటుంబానికి మాస్కో నగరం పక్కన కూస్కోవో అనే చోట పెద్ద భవనం ఉండేది. చుట్టూ తోట, చెరువు. వచ్చిన చుట్టాల వినోదం కోసం అక్కడ నాటకశాల కూడా కట్టారు. నాటకాలు ఆడడానికి మనుషులు కావాలి కదా. బయటివాళ్లను పిలిస్తే జీతం ఇవ్వాలి. అందుకని తమ భూదాసుల్లోనే గొంతు బాగున్న పిల్లలను, చురుకైన పిల్లలను ఏరి తెప్పించేవారు.

ప్రస్కోవ్యకు ఏడెనిమిదేళ్లు ఉండగా దొరల మనుషుల కంట పడింది. చక్కగా పాడుతుంది అన్నారు. భవనానికి తీసుకుపోయారు. తల్లిని అడిగారా? అడగవలసిన పని లేదు. బిడ్డ దొరగారిది.

ఇక్కడ కాసేపు పుస్తకం పక్కన పెట్టండి. మీలో చాలామందికి ఏడెనిమిదేళ్ల పిల్లలు ఉంటారు. ఆ వయసు పిల్లకు రాత్రి ఒంటరిగా నిద్ర పడుతుందా? కొత్తచోట అన్నం సహిస్తుందా? మాట్లాడుకోండి. తరువాత చదువుదాం.

భవనంలో ఆ పిల్లను దొర బంధువుల్లో ఒక పెద్ద ఇంటావిడకు అప్పగించారు. అక్కడ ప్రస్కోవ్యకు చదువు చెప్పించారు. రాయడం, చదవడం నేర్చుకుంది. పాట నేర్చుకుంది. తీగల వాయిద్యం నేర్చుకుంది. ఫ్రెంచి భాష, ఇటలీ భాష కూడా నేర్చుకుంది. నాటకాలు ఎక్కువగా ఆ భాషల నుంచే వచ్చేవి మరి. ఊళ్లో ఉండిపోతే ఆ పిల్లకు ఒక్క అక్షరం కూడా వచ్చేది కాదు. ఇది కూడా నిజమే. చెప్పకుండా దాటితే తప్పు అవుతుంది. కానీ ఆమెకు చదువు చెప్పించింది ఆమె కోసం కాదు. దొరగారి నాటకం కోసం.

అక్కడే తత్యానా కూడా ఉంది. ప్రస్కోవ్య కన్నా అయిదేళ్లు చిన్నది. 1773లో పుట్టింది. ఆమె తండ్రి దొరగారి ఆయుధాలు బాగుచేసే పనివాడు. ఆ పిల్లను కూడా ఏడేళ్లకే భవనానికి తెచ్చారు. ఆమెకు నాట్యం నేర్పారు. పాట కూడా కొంత నేర్పారు.

నాటకాల పిల్లలకు సొంత పేర్లు ఉంచలేదు. భూదాసుల పేర్లు మోటుగా ఉన్నాయి అనుకున్నారు దొరలు. ప్రస్కోవ్య ఇంటిపేరు కవల్యోవా. కమ్మరి వాళ్ల పిల్ల అని దాని అర్థం. అది తీసేసి జెమ్‌చుగోవా అని పెట్టారు. రష్యా భాషలో జెమ్‌చుగ్ అంటే ముత్యం. తత్యానాకు గ్రనాతోవా అని పెట్టారు. అంటే గోమేధికం. ఒక పిల్లకు పచ్చ పేరు. ఒక పిల్లకు కెంపు పేరు. వినడానికి ముద్దుగానే ఉంది. అయితే నగల పెట్టెలో రాళ్లకు కూడా యజమాని ఉంటాడు కదా! నాకు ఈ పేర్ల సంగతి చదివినప్పుడు అదే తోచింది.

1779లో ప్రస్కోవ్య మొదటిసారి రంగం మీదికి వచ్చింది. అప్పటికి ఆమెకు పదకొండేళ్లు. ఒక పనిమనిషి వేషం వేసింది. చిన్న వేషమే. మరుసటి ఏడే నాయిక వేషం ఇచ్చారు. పన్నెండేళ్ల పిల్ల పెద్ద నాటకాన్ని మోసింది.

ఆ నాటకాలు ఎట్లా ఉండేవి? వాటిని ఆపెరా అంటారు. మన సురభి నాటకాల్లో పాత్రలు పద్యాలు, పాటలు పాడతారు కదా. ఆపెరాలో అంతకన్నా ఎక్కువ పాటే. కోపం వచ్చినా పాటే. ఏడుపు వచ్చినా పాటే. కొన్ని ఆపెరాలు తేలికగా, నవ్వులాటగా ఉంటాయి. వాటిలో పాట మధ్య మాటలు కూడా ఉంటాయి. ప్రస్కోవ్య మొదట్లో ఎక్కువగా ఆడినవి అవే. అప్పుడు మైకులు లేవు. పాడేవాళ్ల గొంతు చివరి వరుసదాకా వినబడాలి. పక్కన వాయిద్యాలు కూడా మోగుతూ ఉంటాయి. దాని కోసం ఊపిరి బిగపట్టి రోజూ గంటలు గంటలు సాధన చేయాలి.

తత్యానా చేసేది బాలే. అది నాట్యం. అందులో మాటలుండవు. కాళ్లతో, చేతులతో, ఒంటి వంపులతోనే కథ చెప్పాలి. చూసేవారికి గాలిలో తేలినట్టు ఉంటుంది. చేసేవారికి మడమలు, వేళ్లు, మోకాళ్లు పచ్చిపుండ్లు అవుతాయి. తత్యానాను రంగుబట్టల్లో, నాట్యం దుస్తుల్లో గీసిన బొమ్మ 1789 నాటిది ఒకటి ఇప్పటికీ ఉంది. గీసిన చిత్రకారుడి పేరు నికొలాయ్ అర్గునోవ్. అతను కూడా షెరెమేతెవ్‌ల భూదాసే. ఆడేది భూదాసులు. తెరలు లాగేది భూదాసులు. బొమ్మ గీసేది భూదాసులు. చూసేది మాత్రం దొరలు.

ప్రస్కోవ్యకు చాలా పేరు తెచ్చిన నాటకం ఒకటుంది. అందులో ఆమె వేషం పేరు ఎలియాన్. ఎలియాన్ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంటుంది. యుద్ధంలో బాగా పోరాడిన మగవాడు తనకు నచ్చిన పిల్లను ఎంచుకోవచ్చు. పిల్ల మాత్రం ఎంచుకోరాదు. మనసులో మాట బయటపెట్టరాదు. ఎలియాన్ ఈ కట్టుబాటుకు ఎదురు తిరుగుతుంది. మగ సైనికుడి వేషం వేసుకుని యుద్ధానికి పోతుంది. సేనాపతి ప్రాణం కాపాడుతుంది. తనవాడిని తానే ఎంచుకునే హక్కు గెలుచుకుంటుంది.

తలమీద శిరస్త్రాణం. ఒంటిమీద కవచం. ఆ వేషంలో ప్రస్కోవ్య నిలబడి పాడితే చూసేవాళ్లు మైమరచిపోయేవారట. నాటకం అయ్యాక శిరస్త్రాణం తీసి పెట్టెలో పెట్టాలి. అప్పుడు ఆమె మళ్లీ భూదాసే. పెళ్లి మాట అటుంచండి. సెలవు లేకుండా బయటికి అడుగు పెట్టడానికి కూడా లేదు.

1787లో మహారాణి కేథరిన్ కూస్కోవో భవనానికి వచ్చింది. ఫిర్యాదు చేస్తే కొరడా దెబ్బలన్న రాణి ఈమెనే. ఆమె కోసం ఈ నాటకమే ఆడారు. రాణి ముగ్ధురాలైంది. ప్రస్కోవ్యకు వజ్రపుటుంగరం బహుమానం ఇచ్చింది. ప్రస్కోవ్యకు అప్పుడు పందొమ్మిదో ఏడు.

ఉంగరం ఇచ్చింది. స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. నిజానికి ఆ రోజు ఆ ఆలోచన అక్కడ ఉన్న దొరలెవరికీ వచ్చి ఉండదు.

ఇప్పుడు దొర సంగతి చెప్పాలి. అతని పేరు నికొలాయ్ షెరెమేతెవ్. ప్రస్కోవ్య కన్నా పదిహేడేళ్లు పెద్ద. చదువుకున్నవాడు. విదేశాలు తిరిగి వచ్చినవాడు. అతనికి సంగీతం పిచ్చి. తానూ వాయిద్యం వాయించేవాడు. 1788లో తండ్రి చనిపోయాక ఆస్తి అంతా అతని చేతికి వచ్చింది. అతను ప్రస్కోవ్యను ఇష్టపడ్డాడు. ఇద్దరూ కలిసి ఉన్నారు. ఈ సంగతి అందరికీ తెలుసు. తోటి నటులకు కూడా తెలుసు. దొరలు నవ్వుకున్నారు. ఎత్తిపొడుపు మాటలన్నీ ఆమెకే తగిలాయి.

రష్యాలో ఈ కథను గొప్ప ప్రేమకథగా చెప్పుకుంటారు. పల్లెపిల్ల పశువులను తోలుకొస్తుంటే దొర ఎదురుపడి మాట్లాడినట్టుగా ఒక పాట కూడా ఉంది. దాన్ని ప్రస్కోవ్యే కట్టిందని అంటారు. ఆ పాట అక్కడ ఊరూరా పాడేవారు.

ప్రేమే కావచ్చు. తరువాత అతను చేసిన పనులు చూస్తే ప్రేమ లేదని అనలేం. అయినా నాకు ఒక ప్రశ్న తోస్తుంది. కాదు అనే హక్కు లేని మనిషి అవును అంటే, ఆ అవునుకు విలువ ఎంత? ఆమె మనసులో ఏముందో మనం చదవలేం. అతను మాత్రం ఆమెను బానిసగానే పదేళ్లకు పైగా ఉంచుకున్నాడు. కాగితం మీద ఒక్క సంతకం చేస్తే ఆమె స్వేచ్ఛగల మనిషి అయ్యేది. ఆ సంతకానికి అన్నేళ్లు ఎందుకు పట్టింది? మీరేమంటారు? మీలో మీకు ఒక మాట రాకపోవచ్చు. పరవాలేదు. వాదించుకోండి.

ఆమె పాట కోసం నికొలాయ్ మాస్కో దగ్గరే అస్తాంకినో అనే చోట ఇంకో భవనం కట్టించాడు. దాని నడిమధ్యన నాటకశాల. 1795లో తెరిచారు. మొత్తం కర్రతో కట్టారు. కానీ చూస్తే పాలరాయిలా ఉంటుంది. అంత పనితనం! కట్టినవాళ్లలో కూడా ఎక్కువమంది భూదాసులే. అందులో ఉరుము చప్పుడు, వాన చప్పుడు చేసే యంత్రాలు పెట్టారు. మొదటి రోజు నాటకంలో ప్రస్కోవ్య చెరపట్టిన తురకపిల్ల వేషం వేసింది. ఆ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది.

కానీ ఆ నాటకశాలలో ఆమె ఎక్కువ కాలం పాడలేదు. దగ్గు పట్టుకుంది. జ్వరం. నీరసం. అది క్షయ. టీ.బీ. అంటామే, అదే. 1797 తరువాత ఆమె రంగం మీదికి రాలేదు. అప్పుడు ఆమెకు ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ గొంతు కోసమే ఆమెను తల్లి దగ్గర నుంచి తెచ్చారు. ఆ గొంతే పోయింది.

ఆ కాలంలో క్షయ ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. అది ఒక క్రిమి వల్ల వస్తుందని 1882లో కనిపెట్టారు. మందు దొరికింది ఇంకా అరవై ఏళ్లకు. అందుకే డబ్బు కుప్పలుగా ఉన్నా నికొలాయ్ ఆమెను బాగుచేయలేకపోయాడు. ఇప్పుడు అట్లా కాదు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. సర్కారు దవాఖానాల్లో పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు మందులు వాడాలి. రెండు నెలలకే ఒంట్లో బాగుందని మానేస్తే జబ్బు మొండికేస్తుంది. కథ మధ్యలో ఇది చెప్పక తప్పలేదు. మళ్లీ కథలోకి పోదాం.

నికొలాయ్‌కు రాజుగారి కొలువులో పెద్ద పదవి వచ్చింది. అందుకని పీటర్స్‌బర్గ్ నగరానికి మారాడు. ప్రస్కోవ్యను కూడా తీసుకుపోయాడు. తత్యానా కూడా వెంట వెళ్లింది. ఆ ఊరు చలి ఊరు. నీటి పక్కన కట్టిన ఊరు. ఎప్పుడూ తేమ. క్షయ ఉన్నవారికి అది మంచిచోటు కాదు. అక్కడి పెద్ద భవనంలో ప్రస్కోవ్య నలుగురికీ కనబడకుండా బతికింది. అతిథులు వస్తే లోపలి గదుల్లో ఉండిపోయేది. తోడు తత్యానాయే.

1798 చివర నికొలాయ్ సంతకం చేశాడు. ప్రస్కోవ్యకు, ఆమె పుట్టింటి వాళ్లకు స్వేచ్ఛ వచ్చింది. అప్పటికి ఆమె వయసు ముప్పై.

పెళ్లికి ఇంకా మూడేళ్లు పట్టింది. అంత పెద్ద ప్రభువు కమ్మరి బిడ్డను పెళ్లాడితే తక్కిన దొరలు ఊరుకోరు. అందుకు ఒక ఉపాయం చేశారు. ప్రస్కోవ్య పూర్వీకులు పోలండు దేశపు పెద్దింటివాళ్లు అని, ఎప్పుడో యుద్ధంలో చెరపడి ఇక్కడికి వచ్చారని కాగితాలు పుట్టించారు. చూశారా! మొదట కమ్మరి ఇంటిపేరు తీసేసి ముత్యం పేరు పెట్టారు. ఇప్పుడు ముత్యం పేరు తీసేసి దొరల వంశం తగిలించారు. కొలిమి దగ్గర చెమటోడ్చిన తండ్రి మాత్రం ఏ కాగితంలోనూ ఇమడలేదు.

1801 నవంబరులో మాస్కోలో ఒక చిన్న చర్చిలో పెళ్లి జరిగింది. రహస్యంగా జరిగింది. బాజాలు లేవు. బంధువులు లేరు. సాక్షులుగా ఒకరిద్దరు. వాళ్లలో తత్యానా ఒకరు. పెళ్లి అయినా బయటికి చెప్పలేదు. భార్య అయ్యాక కూడా ప్రస్కోవ్య దాక్కునే బతికింది.

అర్గునోవ్ గీసిన బొమ్మలు రెండు ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె ఎర్రటి శాలువా కప్పుకుని ఉంటుంది. మెడలో భర్త బొమ్మ ఉన్న పతకం. ముఖం పాలిపోయి, కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి. ఇంకోదాంట్లో చారల చారల పొడవాటి అంగీ తొడుక్కుని నిలబడి ఉంటుంది. నిండు గర్భిణి. ఆ రోజుల్లో అంత పెద్దింటి ఆడవాళ్లను గర్భంతో గీయడం చాలా అరుదు. ఆమెను మాత్రం ఉన్నది ఉన్నట్టు గీశాడు.

1803 ఫిబ్రవరి 3న కొడుకు పుట్టాడు. దిమిత్రి అని పేరు పెట్టారు. అసలే క్షయ. ఆపైన కాన్పు. ప్రస్కోవ్య తేరుకోలేదు. ఇరవై రోజులకే, ఫిబ్రవరి 23న, కన్ను మూసింది. ముప్పై నాలుగేళ్లు.

పెళ్లి సంగతి అప్పుడే అందరికీ తెలిసింది. నికొలాయ్ రాజుగారికి విన్నవించుకున్నాడు. రాజు ఒప్పుకున్నాడు. దిమిత్రి వారసుడు అయ్యాడు. దొరల కుటుంబాలు మాత్రం మండిపడ్డాయి. ఆమె శవయాత్రకు పెద్దింటివాళ్లు రాలేదు. నాటకాల తోటివాళ్లు వచ్చారు. నౌకర్లు వచ్చారు. క్వరెంగీ అనే పేరున్న ఇటలీ మేస్త్రి ఒకాయన వచ్చాడు. పెద్ద పెద్ద భవనాలకు నమూనాలు గీసే మనిషి ఆయన.

ఆ క్వరెంగీ పేరు ఎందుకు చెప్పానంటే, మాస్కోలో నికొలాయ్ అప్పటికే పేదల కోసం ఒక సత్రం, ఆసుపత్రి కట్టిస్తున్నాడు. ప్రస్కోవ్య పోయాక దాన్ని ఆమె జ్ఞాపకంగా మార్చాలనుకున్నాడు. క్వరెంగీ నమూనా మార్చి గీశాడు. ముందు భాగంలో అర్ధచంద్రం ఆకారంలో స్తంభాలు నిలిపాడు. 1810లో దాన్ని తెరిచారు. దిక్కులేని ఆడవాళ్లకు, మగవాళ్లకు అక్కడ నీడ, తిండి. రోగులకు ఉచిత వైద్యం. ఏటా కొంత డబ్బు పేదింటి ఆడపిల్లల పెళ్లి ఖర్చులకు కట్నంగా ఇచ్చేవారు. దరఖాస్తు పెట్టిన పిల్లల పేర్లలో చీటీలు తీసేవారు. ఆ చీటీలు ప్రస్కోవ్య పోయిన రోజునే తీసేవారు. కట్నం మంచి ఆచారం అని ఈ మాట రాయడం లేదు సుమా! ఆ దేశంలో కూడా కట్నం లేని పిల్ల పెళ్లి ఆగిపోయేది. అదీ సంగతి.

ఆ కట్టడం ఉన్న ఆవరణలో ఇప్పుడు మాస్కో నగరపు పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి ఉంది. ప్రమాదాలు జరిగినవాళ్లను అత్యవసరంగా అక్కడికే తెస్తారు.

నికొలాయ్ కూడా ఎక్కువ కాలం బతకలేదు. 1809 మొదట్లో చనిపోయాడు. పోయేముందు చిన్న కొడుకుకు ఒక పెద్ద ఉత్తరం రాసి పెట్టాడు. నీ తల్లి ఎవరు, ఎటువంటి మనిషి, నేను ఆమెను ఎందుకు పెళ్లాడాను అని అందులో రాశాడు. ఆమె తెలివి, నిజాయితీ, మనుషుల మీద ఆమెకున్న ప్రేమ చూసి లోకం మాట లెక్కచేయలేదు అని రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ దొరుకుతుంది.

ఉత్తరం ఉంది. ఆస్తి ఉంది. భవనాలున్నాయి. ఆరేళ్ల పిల్లవాడికి తల్లి లేదు, తండ్రి లేడు. ఎవరు పెంచాలి?

తత్యానా పెంచింది.

ప్రస్కోవ్య పోయేనాటికి తత్యానాకు ముప్పై ఏళ్లు నిండలేదు. నాట్యం ఆగిపోయింది. నాటకాల బృందం చెదిరిపోయింది. పచ్చ, కెంపు పేర్లవాళ్లు తలో దిక్కు పోయారు. తత్యానా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. స్నేహితురాలి బిడ్డను ఒళ్లో పెట్టుకుని పెంచింది. లోకానికి ఆ పిల్లవాడు రష్యాలో చాలా ఆస్తి ఉన్న వారసుడు. సంరక్షకులు, లెక్కలు రాసేవాళ్లు, వంగి దండాలు పెట్టేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లలో వాళ్లమ్మ పాట విన్నవాళ్లు ఎందరు? వాళ్లమ్మ పల్లెటూరి పిల్లగా నవ్వినప్పుడు చూసినవాళ్లు ఎవరు? ఆ సంగతులు చెప్పగలిగింది తత్యానా.

దిమిత్రి పెద్దవాడయ్యాడు. అతనికీ పెళ్లయింది. 1844లో సెర్గేయ్ అనే కొడుకు పుట్టాడు. అప్పటికి తత్యానాకు డెబ్బై దాటింది. ఆ పిల్లవాడు కూడా ఆమె దగ్గర కూర్చుని పాత కథలు విన్నాడు. కూస్కోవో నాటకశాల, మహారాణి రాక, రాళ్ల పేర్లు, ముత్యం పాట. అన్నీ చూసిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

1861లో రష్యాలో రాజు చట్టం చేసి భూదాసుల పద్ధతిని తీసేశాడు. రెండు కోట్లకు పైగా మనుషులకు స్వేచ్ఛ వచ్చింది. భూమి మాత్రం ఊరికే రాలేదు. దాని కోసం ఏళ్ల తరబడి డబ్బు కట్టవలసి వచ్చింది. ఆ చట్టం వచ్చిన రోజుకు తత్యానా బతికే ఉంది. ఏడేళ్లప్పుడు దొరగారి సొమ్ముగా భవనంలో అడుగుపెట్టిన పిల్ల, ఎనభై ఏడేళ్ల ముసలమ్మగా ఆ కబురు వింది. ఇంకో రెండేళ్లకు, 1863లో, కన్ను మూసింది.

సెర్గేయ్ తరువాత ఆమె మీద ఒక చిన్న పుస్తకం రాసి అచ్చు వేయించాడు. ఆ పుస్తకానికి ఆమె సొంత పేరే పెట్టాడు. తత్యానా వసీల్యెవ్నా ష్లికోవా. దొరలు పెట్టిన గోమేధికం పేరు కాదు, తండ్రి ఇంటిపేరు.